రెండో కంట్రోలర్

లిఫ్టు మెకానిక్ మూడేళ్లపాటు వేళ్లు కాయలు కాచేలా ఆడి, ఒక వీడియో గేమ్‌లో యాభై ట్రోఫీలకు నలభై తొమ్మిది సాధించాడు. ఏం ఘనకార్యమో! మిగిలింది అన్నిటికంటే తేలికైనది: పక్కన ఇంకొకరితో కలిసి ఒక్క ఆట గెలవాలి. అదెంత, చిటికెలో పని అని దాన్ని ఆఖరికి ఉంచుకున్నాడు.

"నాకూ నేర్పండీ" అని భార్య ఎన్నిసార్లు అడిగిందో. "ఉండవే, ఇది అయిపోనీ" అనేవాడు. విసిగి వేసారి, పోయిన నెల ఆమె అక్క ఇంటికి వెళ్లిపోయింది. ఇవాళ ఫోన్ చేసి రమ్మన్నాడు.

"ఇప్పుడెందుకు?" అందామె.

"ఒక్క ట్రోఫీ మిగిలిపోయిందే."

ఫోన్ పెట్టేసింది.

కవరైనా విప్పని రెండో కంట్రోలర్ తీసి నేలమీద పెట్టాడు. కాలి బొటనవేలితో దాన్ని నొక్కుతూ ఇద్దరి ఆటా తనే ఆడాడు. గెలిచాడు. తెరమీద అక్షరాలు మెరిశాయి: "మీ ఇద్దరికీ అభినందనలు."