తగ్గనివాళ్ళ సాక్ష్యం

ఆ సంఘంలో సాక్ష్యం చెప్పాలంటే ఒక పద్ధతి ఉంది. ముందు జబ్బు సంగతి చెప్పాలి, తరవాత చేసిన ప్రార్థన గురించి చెప్పాలి, ఆఖరున తగ్గిందని చెప్పాలి. ఆ ఆఖరి ముక్క లేనివాళ్ళ చేతికి మైకు రాదు. వాళ్ళ కోసం గోడవారగా ఒక పొడుగు బెంచీ వేసి ఉంటుంది. ఆదివారం ఆదివారం అందరూ వచ్చి వాళ్ళ తలల మీద చేతులు పెట్టి ప్రార్థన చేసి వెళుతుంటారు. హాలు టైర్ల కొట్టు పైన, మేడ మీద ఉంది. ఆదివారం కొట్టు మూసేసినా రబ్బరు వాసన మాత్రం ఆరాధనకు మానకుండా వస్తుంది.

ఆ బెంచీ మీద అందరికంటే పాత కాపు కాజాల పిన్ని. చొక్కాలు కుట్టే షెడ్డులో కాజాలు కుట్టడం ఆవిడ పని కాబట్టి ఆ పేరు పడిపోయింది. మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాక, రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్ళి మిషన్ మీద రక్తం శుద్ధి చేయించుకుంటుంది. మిగతా రోజులు సూదీ దారంతో కుస్తీ. నీళ్ళు ఇష్టమొచ్చినట్టు తాగకూడదు. ఎండలు మండే రోజుల్లో ఒక మంచు ముక్క బుగ్గన పెట్టుకుని, "ఇదిగో, నా విందు మొదలైంది," అని పక్కవాళ్ళను నవ్విస్తుంది. జాలి పడటానికి వచ్చినవాళ్ళు కడుపుబ్బ నవ్వి, వచ్చిన పని మరిచిపోయి వెళతారు.

అది నటన కాదు. ఆవిడకు నిజంగానే సంతోషంగా ఉంటుంది, ఏం చేస్తుంది మరి! మిషన్ ఎక్కిన కొత్తలో ఏడ్చి ఏడ్చి, దేవుడితో పోట్లాడి పోట్లాడి, ఒకరోజు మాటలన్నీ అయిపోయి ఊరుకుంది. అలా ఊరుకున్నప్పుడు తన పక్కన ఆయన ఉన్నాడని తెలిసింది. ఆ తరవాత ఆయన లేచి వెళ్ళింది లేదు. సూది దిగేటప్పుడు నొప్పీ ఉంటుంది, ఆయనా ఉంటాడు.

ఈ సంగతి ఒక్కసారి అందరి ముందూ నిలబడి చెప్పాలని ఆవిడ కోరిక. సంఘపెద్ద ఎవరో కాదు, తోడబుట్టిన అన్నయ్యే. అడిగినప్పుడల్లా ఆయన నీళ్ళు నమిలేవాడు. "తగ్గనీ అమ్మా, అప్పుడు చెబుదువుగాని," అనేవాడు. వదినైతే ఇంకో అడుగు ముందుకేసి, "లోపల ఏదో పాపం దాచుకుని ఉంటావు. ఒప్పుకో, జబ్బు దానంతటదే పోతుంది," అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

"దాచుకోవడానికి నాకు బీరువా కూడా లేదు వదినా," అనేది పిన్ని.

అలాంటిది ఒక శనివారం సాయంత్రం అన్నయ్య తనంతట తనే ఇంటికొచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, "రేపు నువ్వు సాక్ష్యం చెప్పు," అన్నాడు.

పిన్ని చేతిలోని చొక్కా ఒళ్ళోకి జారిపోయింది. "నిజంగానా అన్నయ్యా?"

"నిజమే. కాకపోతే బాగైపోయానని చెప్పాలి."

"బాగవలేదు కదా!"

"విశ్వాసంతో ముందే చెప్పడమన్నమాట. నోటితో అంటే ఒంట్లో జరుగుతుంది. ఇక మిషన్ ఎక్కనని కూడా చెప్పు. ఆస్పత్రిలో నీ పక్క కుర్చీలో ఉంటాడే, లారీ డ్రైవరు, అతనూ భార్యా రేపు వస్తున్నారట కదా. నువ్వే పిలిచావట. నీ మాట వింటే వాళ్ళకూ విశ్వాసం పుడుతుంది."

డ్రైవరును పిలిచింది తనే. అతనికి ఆ మిషన్ అంటే పరమ అసహ్యం. స్టీరింగు తిప్పిన చెయ్యి పైపులతో అలా పడి ఉండటం చూసుకుని పళ్ళు నూరేవాడు. "అక్కా, మీ దేవుడు తనను బాగుచేశాడని ఒక్కళ్ళు గట్టిగా చెబితే చాలు, ఇవన్నీ పీకేసి పోతాను," అన్నాడు మొన్ననే. పక్కన నిలబడిన భార్య తల ఊపింది. మానేసినవాళ్ళ సంగతి పిన్నికి తెలుసు. వాళ్ళ కుర్చీల్లోకి ఎంత త్వరగా కొత్తవాళ్ళు వచ్చేస్తారో కళ్ళారా చూసింది.

"అన్నయ్యా, నా మాట నమ్మి అతను మానేస్తే?"

"అంత విశ్వాసం ఉంటే అతనూ బాగవుతాడు."

"కాకపోతే?"

అన్నయ్య దిగ్గున లేచాడు. "ఇదే నీ అసలు రోగం, సందేహం! రేపు ఈ మాట చెప్పకపోతే ఇంకెప్పుడూ నన్ను మైకు అడగకు," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన చెడ్డవాడు కాదు. చెల్లెలు చచ్చిపోతుందని భయం. ఆ భయానికే విశ్వాసం అని పేరు పెట్టుకున్నాడు.

పిన్ని మళ్ళీ సూది అందుకుంది. ఎన్నాళ్ళుగానో అడిగిన మైకు గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఒక్క అబద్ధం ఆడితే చాలు. ఆశ పడలేదంటే అది ఇంకో అబద్ధం. కాసేపు కుట్టి, తలెత్తి, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడింది. "నీ గురించి చెప్పడానికి నీకు అబద్ధం కావాలా? నువ్వు సిలువ మీద నుంచి దిగకుండానే గెలిచావు. నేను మిషన్ దిగితేగాని నీ పరువు నిలవదంటున్నారు వీళ్ళు. నేను చెప్పను, పో!" అనేశాక ఒళ్ళు తేలికైంది, నవ్వు కూడా వచ్చింది.

మర్నాడు హాలు కిక్కిరిసింది. డ్రైవరూ అతని భార్యా ఆఖరి వరసలో కూర్చున్నారు. చేతి కట్టు కనబడకుండా అతను చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. అన్నయ్య పిన్ని పేరు పిలవగానే వదిన చెవి దగ్గర వంగి, "ధైర్యంగా చెప్పు," అంది.

"చెబుతాను వదినా, చూస్తూ ఉండు," అని పిన్ని బెంచీ మీంచి లేచింది.

"అందరికీ వందనాలు. నా జబ్బు మీకు తెలుసు. మీరు చేసిన ప్రార్థన నాకు తెలుసు. నా తల మీద పడ్డన్ని చేతులు ఇంకెవరి తల మీదా పడి ఉండవు. జుట్టు ఊడిపోవడం అందుకేనేమో!" అందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా పిన్ని ఆగింది. "ఇక ఆఖరి ముక్క. నాకు తగ్గలేదు."

హాలంతా బిగుసుకుపోయింది. అన్నయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"రేపు సోమవారం మళ్ళీ మిషన్ ఎక్కుతాను. ఎక్కి తీరతాను. దాన్ని కనిపెట్టినవాడికి బుర్ర ఇచ్చింది కూడా నా దేవుడే. నన్ను బాగుచేస్తే స్తోత్రం. చెయ్యకపోతే ఇంకాస్త గట్టిగా స్తోత్రం. నేను పోతే, పిన్ని ఓడిపోయిందని మాత్రం ఎవరూ అనకండి. ఈ జబ్బు నా మూత్రపిండాలు తినేసింది, నా ఒంట్లో బలం తినేసింది. నా సంతోషం జోలికి వచ్చింది గానీ దాని వల్ల కాలేదు." పిన్ని చీర కొంగు తీసి, ఉబ్బిన నరాలతో గతుకులు పడ్డ చెయ్యి పైకెత్తింది. "ఇది పాపం దాచుకున్న చోటు కాదు. సూదులు దిగిన చోటు. దీన్ని చూసి నేను సిగ్గుపడను, మీరూ తలలు దించుకోకండి."

"ఇంక చాలమ్మా," అంటూ అన్నయ్య మైకు కోసం చెయ్యి చాపాడు.

"ఒక్క మాట అన్నయ్యా. ఆఖరి వరసలో నాకో తమ్ముడున్నాడు. ఒరే తమ్ముడూ, దేవుణ్ణి నమ్ముతావో మానుతావో అది నీ ఇష్టం. మిషన్ మానేశావంటే మాత్రం నీ వీపు విమానం మోత మోగిస్తాను!"

ఎవరూ హల్లెలూయ అనలేదు. బెంచీ మీద చూపు లేని ముసలావిడ ఒక్కతే గట్టిగా చప్పట్లు కొట్టింది. అదే సమయంలో ఆఖరి వరసలో కుర్చీ చప్పుడైంది. డ్రైవరు విసురుగా లేచి, భార్య పిలుస్తున్నా వినకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే వదిన కబురు పంపింది, ఇక మైకు మాట మరిచిపొమ్మని. పిన్ని మనసు దాని మీద లేనే లేదు. డ్రైవరు అడుగుల చప్పుడే చెవుల్లో ఉంది. అబద్ధం చెబితే పోతాడని భయపడింది సరే, నిజం విని, ఉన్న ఆశ కూడా తెంచుకుని పోయాడా? అన్నం సయించలేదు. అయినా చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

సోమవారం పొద్దున ఆస్పత్రిలో పక్క కుర్చీ ఖాళీగా ఉంది. నర్సు వాచీ చూసుకుంటూ, "ఇంకాసేపు చూసి వేరేవాళ్ళకు ఇచ్చేస్తాం," అంది. పిన్ని నోరు ఎండిపోయింది. ఈసారి అది నీళ్ళ కోసం కాదు.

అప్పుడు తలుపు తోసుకుని డ్రైవరు వచ్చాడు, ముఖం ఉబ్బి, ఆయాసపడుతూ. వెనకే భార్య. దబ్బున కుర్చీలో కూలబడ్డాడు.

"నిన్న నీ మీద ఒళ్ళు మండిపోయింది అక్కా. బాగవుతానని వినడానికి వస్తే తగ్గలేదంటావా? ఇంటికెళ్ళి నిన్ను తిట్టని తిట్టు లేదు."

"తిట్టు, నష్టం లేదు. వచ్చావు, అది చాలు."

"మా ఆవిడే ఒక మాట అడిగింది. 'తగ్గని మనిషికి అంత నవ్వు ఎక్కడిది?' అని. అది నీ దగ్గరే కనుక్కుందామని వచ్చాను."

"చెబుతాను. పైపులు పెట్టాక ఎక్కడికీ పారిపోలేవుగా!" అంది పిన్ని. ఆ మాట అంటూనే కళ్ళనీళ్ళు జలజలా రాలాయి. తుడుచుకోలేదు. నర్సు సూది పట్టుకుని దగ్గరికి రాగానే, ఎప్పటిలా లోలోపల కాకుండా, గదిలో అందరికీ వినబడేలా గొంతెత్తింది.

"ప్రభువా, ఇవాళ కూడా నాకు తగ్గలేదు. ఇవాళ కూడా నేను నీదాన్నే. నువ్వేం చేస్తావో చేసుకో, నిన్ను వదిలేది మాత్రం లేదు."

"నాకూ తగ్గలేదని చెప్పక్కా," అన్నాడు డ్రైవరు.

"నువ్వే చెప్పు. నోరుందిగా!"

డ్రైవరు పైకప్పు వంక చూశాడు. ఎవరితోనో తగువుకు దిగినట్టు, "నాకూ తగ్గలేదు!" అని అరిచాడు. అరిచి, తనే పకపకా నవ్వేశాడు. నర్సు మిషన్ ఆన్ చేసింది.