పట్టుకు దొరికిన చెయ్యి

ఆ విద్య నిజమైన గొడవలో పనికొస్తుందా అని మా కొట్టుకొచ్చే పెయింటర్లు ఇప్పటికీ అడుగుతుంటారు. పనికొస్తుంది. ఎవరి మీద పనికొస్తుందన్నది మాత్రం ఎవరూ అడగరు. ఏ గోడకు ఏ రంగు నిలుస్తుందో చెప్పకుండా డబ్బా అమ్మడం నాకు అలవాటు లేదు. అందుకే ఇదంతా చెబుతున్నాను.

నాది రంగుల కొట్టు. గుమ్మం పక్కన పుట్టీ బస్తాలు, వరసగా ప్రైమర్ బకెట్లు, వెనక అరల్లో ఎనామిల్ డబ్బాలు, మూలన రంగులు కలిపే యంత్రం. పొట్ట తగ్గించుకోమని డాక్టరు గట్టిగా చెప్పడంతో జిరాక్సు షాపు మీద ఆత్మరక్షణ విద్య నేర్పే హాల్లో చేరాను. అక్కడి మాస్టారు నేర్పేది ముఖ్యంగా రెండు. ఒకటి పట్టు. ఎదుటివాడు విసిరిన చేతిని మన చేత్తో అణిచి, వాడి రెండో చేతిని దాని కిందే ఇరికించి, మిగిలిన మన చేత్తో కొట్టడం. రెండోది లయ. వాడు ఒకటి, రెండు అని కొడుతుంటే రెండోది పడేలోగా ఆ మధ్య సందులో మనం దూరడం.

ఆ సందు దగ్గరే నేను బోల్తా పడ్డాను. ఎందుకంటే నా బతుకు నడిచిందే దానిమీద. బేరంలో కొనేవాడు ఒక మాటంటాడు, నేనొకటంటాను, మళ్లీ అతనంటాడు. ఆ ఊపు మంచి జోరులో ఉండగా, నేను జవాబివ్వాల్సిన చోట ఇవ్వకుండా డబ్బా మూత తుడుస్తూ కూర్చుంటాను. అతనికి కాలు తడబడుతుంది. తనే ధరలో ఒక మెట్టు ఎక్కుతాడు. ఇన్నేళ్లుగా కౌంటరు వెనక చేస్తున్నదానికి ఇంత పెద్ద పేరుందా అని పొంగిపోయాను.

హాల్లో నా జోడీ ఒక బ్యాంకు క్యాషియరు, మెతక మనిషి. గుద్దు విసిరి ఆ చేతిని అలాగే గాల్లో ఉంచేవాడు. నేను దాన్ని అణిచి, రెండోదాన్ని ఇరికించి, అతని మెడ పక్కన అరచెయ్యి ఆనించేదాకా అది కదిలేది కాదు. శాంపిలు చూసి సరుకు కొనొద్దని ఊరందరికీ చెప్పేవాణ్ని, ఆ చెయ్యి ఎందుకు వెనక్కి పోవడంలేదని ఒక్కనాడూ అడగలేదు.

అడిగినవాడు మా బావ. నా చెల్లెలి భర్త. బోర్డులు రాస్తాడు. అందరూ మిషను మీద అచ్చు వేయించుకుంటున్నా, అద్దాల మీదా ఇనుప రేకుల మీదా చేత్తోనే రాయించుకోవాలనుకునేవాళ్లు కొందరుంటారు. వాళ్లందరికీ ఆయనే దిక్కు. మణికట్టు కింద సన్నకర్ర ఆనించి గీత లాగాడంటే, పక్కన నిలబడ్డవాళ్లు కూడా ఊపిరి బిగబట్టేవాళ్లు. ఒకసారి హాలుకొచ్చి మా సాధన చూశాడు.

"బావా, ఆయన గుద్దుతున్నాడా, చెయ్యి చాపి జోస్యం చెప్పమంటున్నాడా?"

"కుంచె పట్టుకునేవాడివి, నీకేం తెలుస్తుందిలే."

"ఏమో మరి. నన్నెవరైనా కొడితే చెయ్యి అక్కడే వదిలేసి పోతాడని నాకు నమ్మకం లేదు."

క్యాషియరు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

తర్వాత కొన్నాళ్లకు కొట్టుకు సరుకు లారీ వచ్చింది. కొన్ని బకెట్లు సొట్టలుపడి, మూతలూడి, తెల్లరంగు పక్కవాటి మీదంతా కారింది.

"వీటిని నేను దించుకోను," అన్నాను.

"నెత్తిన పెట్టుకొచ్చానా ఏంటి? లారీ అన్నాక కుదుపులుండవా?" అన్నాడు డ్రైవరు.

"కుదుపులకి మూతలూడవు. నిద్రపోతూ తోలితే ఊడతాయి."

"ఏం కూశావ్?"

క్యాబిన్ లోంచి దూకాడు. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషమే వేసింది. కొట్లో ఇద్దరు పెయింటర్లు గుమ్మంలోకొచ్చి చూస్తున్నారు. నా కాళ్లు హాల్లోలా నిలబడ్డాయి. అతని చెయ్యి వచ్చింది. అణిచేద్దామని నాది వేశాను. అక్కడ చెయ్యి లేదు. అప్పటికే వెనక్కిపోయి మళ్లీ వచ్చి నా చెంప మీద పడింది. సందు కోసం చూశాను. అతనికి ఒకటీ రెండూ ఏమీ లేవు. బస్తాలు దించుతున్నట్టు చేతికందినచోట వేస్తున్నాడు. ఎలాగో చొక్కా చెయ్యి దొరకబుచ్చుకుంటే, నన్ను పురుగును దులిపినట్టు దులిపి ఇంకొకటి ఇచ్చాడు. నా కళ్లజోడు ఎగిరి టైరు పక్కన పడింది.

"పెద్ద పహిల్వాన్ బయల్దేరాడు!" అని డ్రైవరు తిరిగి క్యాబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. పెయింటర్లు నవ్వు దాచుకోవడానికి లోపలికి తిరిగారు. నవ్వు మాత్రం బయటికి వినిపించింది.

ఆ తర్వాత జరిగినదాన్ని నేను అందరికీ ఇలా చెప్పాను. కళ్లజోడు లేదు, అంతా మసకగా ఉంది. ఎవరో పక్కనుంచి భుజం మీద చెయ్యి వేశారు. డ్రైవరే మళ్లీ వచ్చాడనుకున్నాను. నా చేతులు వాటంతటవే కదిలాయి. ఆ చేతిని అణిచాయి, నన్ను ఆపడానికి వచ్చిన రెండో చేతిని దాని కింద ఇరికించాయి, బొటనవేలు పట్టి మెలితిప్పి తోశాయి. హాల్లో కూడా అంత శుభ్రంగా ఎప్పుడూ పడలేదు. చిన్న చప్పుడైంది. చూస్తే కింద మా బావ.

కుడిచేతి బొటనవేలి ఎముక విరిగింది. మోచేతి దాకా కట్టు వేశారు. ఆస్పత్రి బెంచీ మీద చెల్లెలు ఏడుస్తుంటే నేను కళ్లజోడు కథ చెప్పాను. బావ పక్కనే ఉన్నాడు. "అవును, వాడికి కనిపించలేదు," అన్నాడు.

సంగతి తెలిసి మాస్టారు ఫోన్ చేశారు. "పట్టు పడిందటగా! మీ సీసీ కెమెరాలో ఉందేమో చూడండి, పిల్లలకు చూపిద్దాం." వీడియోను చివర్నుంచి వెనక్కి జరుపుకుంటూ వచ్చి, పట్టు మొదలయ్యే చోట ఆపి, ఆ ముక్క కత్తిరించి పంపాను. దాని ముందున్నది చూడలేదు. తన్నులు తినడం మళ్లీ ఎవరు చూస్తారు?

మాస్టారు దాన్ని హాలు గ్రూపులో పెట్టారు. 'నిజమైన గొడవలో మన విద్య' అని పైన రాశారు. అక్కడినుంచి ఊరంతా పాకింది. హాల్లో కొత్తవాళ్లు చేరారు. "షావుకారుగారూ, మీ చేతికి డబ్బా ఇవ్వాలంటే భయంగా ఉందండీ," అని పెయింటర్లు. గుమ్మంలో నవ్విన ఆ ఇద్దరే. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో నా చెయ్యి ఊరికే మీసం మీదికి పోయేది. బావ ఇంట్లో చెల్లెలు ఆయనకు అన్నం ముద్దలు కలిపి పెడుతున్న రోజులవే.

అయితే ఆ ముక్కలో జనానికి ఏం కనిపిస్తుంది? ఒకడు ఇంకొకడి భుజం మీద చెయ్యి వేస్తాడు, ఆ రెండోవాడు వాణ్ని కిందపడేస్తాడు. తప్పెవరిది? ముందు చెయ్యి వేసినవాడిదే. కొట్టులో చెల్లెలి వాటా కోసం బావ గొడవకొచ్చాడని ఒకరన్నారు, తాగి వచ్చాడని ఇంకొకరన్నారు. ఆయన్నే పట్టుకుని అడిగారట, ఎందుకయ్యా మీ బావ మీదికి పోయావు అని.

"చెయ్యి దురదపెట్టి పోయాను. ఇప్పుడు కట్టు కట్టారు, దురద తగ్గింది," అన్నాడట.

ఆ మాట నా చెవిన పడ్డప్పుడు నేను సర్దిచెప్పి ఉండొచ్చు. పోనీలే, నవ్వుతూనే అన్నాడుగా అనుకుని ఊరుకున్నాను.

ఒక బడివాళ్లు ముందుగోడ మీద పేరు, అద్దాల తలుపుల మీద అక్షరాలు బావ చేతే రాయించాలని, చెయ్యి బాగయ్యేదాకా ఆగుతామని చెప్పారు. ఆ ఏడాదికి ఆయనకు అదే పెద్ద పని. వీడియో చూశాక హెడ్మాస్టరు పిలిచి, "పిల్లలు తిరిగే చోటు కదా, సొంతవాళ్ల మీదే చెయ్యెత్తే మనిషిని పెట్టుకున్నామంటే తల్లిదండ్రులు ఊరుకోరు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే చెల్లెలు కొట్టుకొచ్చింది. వెనకే బావ.

"అన్నయ్యా, ఆ వీడియో మొత్తం ఉందా?"

"ఉందమ్మా. ఎందుకు?"

"పెట్టు. మా ఆయన నిన్ను కొట్టడానికి రాలేదని అందులో ఉంటుంది కదా. బడివాళ్లకి చూపిస్తా."

"వద్దులే, పద," అన్నాడు బావ. "పొద్దున్నే బేరాల వేళ, వాణ్ని ఇబ్బంది పెట్టకు."

"మీరు ఊరుకోండి. ఎవరేమన్నా వెక్కిరింతలతో సరిపెడతారు. అన్నయ్యా, పెట్టు."

నేను తన్నులు తినడం చెల్లెలు చూడకూడదని బావ ఆపుతున్నాడనుకున్నాను. ఆయన మంచితనానికి నేను కూడా కాస్త ధైర్యం చూపాలనిపించి కౌంటరు వెనకున్న టీవీలో పెట్టాను.

డ్రైవరు కొట్టాడు. "అయ్యో అన్నయ్యా," అంది చెల్లెలు. మళ్లీ కొట్టాడు. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. డ్రైవరు క్యాబిన్ ఎక్కాడు. తలుపు పడింది. అప్పుడు రోడ్డు దాటి బావ వచ్చాడు. వంగి టైరు పక్కనున్న కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. నా చేతిలో పెట్టాడు.

నేను పెట్టుకున్నాను.

పెట్టుకుని కొట్టువైపు చూశాను, నవ్వు వస్తున్న వైపు. ఆ తర్వాత బావ ముఖంలోకి చూశాను. ఆయన ఏదో అంటూ నా భుజం మీద చెయ్యి వేశాడు. మిగిలింది ఊరంతా చూసిందే.

చెల్లెలు నా మోచెయ్యి వదిలేసింది.

"కళ్లజోడు ఇచ్చింది ఆయనే కదా అన్నయ్యా," అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

నాకు తల కొట్టేసినట్టయింది. గుర్తులేదని అనలేను. గుర్తు రాకుండా దాచిపెట్టుకున్నాను. డ్రైవరు దగ్గర పోగొట్టుకున్నదాన్ని, తిరిగి అడగడని తెలిసిన మనిషి దగ్గర రాబట్టుకున్నాను. నా లెక్క ఆ క్షణంలో కూడా తప్పలేదు. సరైన మనిషినే ఎంచుకున్నాను.

ఆమె బావ వైపు తిరిగింది. "మీకు తెలుసు."

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీకు పుట్టిల్లు లేకుండా పోతుందని."

ఎవరో వచ్చి ఉప్పుకాగితం అడిగితే లేదని పంపేశాను. అరలో కట్టలు కట్టలుగా ఉంది.

"అప్పుడు ఏమన్నావు బావా?" అని అడిగాను. వీడియోలో మాట వినబడదు.

"ఏముంది, పోనీ లోపలికి పద, మొహం కడుక్కుందువుగాని అన్నాను."

"ఇది పంపు అన్నయ్యా," అంది చెల్లెలు. "ఎవరెవరికి ఆ ముక్క పంపావో వాళ్లందరికీ."

"వద్దు," అన్నాడు బావ. "బడివాళ్లకి నేనేదో చెప్పుకుంటా. వాడికి నలుగురిలో వ్యాపారం ఉంది."

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు కూడా నా బుర్ర ఊరుకోలేదు. కళ్లజోడు ఇచ్చే చోటునుంచి మొదలుపెడితే తన్నులు కనబడవు. తన్నులు ఉంచి కళ్లజోడు తీసేస్తే జనం జాలిపడతారు. ఎక్కడ కత్తిరిస్తే నాకు తక్కువ నష్టమో చూస్తున్న వేలిని చెల్లెలు చూస్తోంది. ఆ చూపు ముందు ఇంకో పని చేయలేక మొత్తం పంపాను. హాలు గ్రూపుకు, హెడ్మాస్టరుకు.

సాయంత్రం హాలుకు వెళ్లాను. వెళ్లకపోతే మాస్టారే కొట్టుకొస్తారని. కొత్తగా చేరినవాళ్లు గోడ వారగా నిలబడి ఉన్నారు. ఎవరూ నమస్కారం పెట్టలేదు.

"మొదటి భాగం ఎందుకు పెట్టారండీ?" అన్నారు మాస్టారు బాధగా. ఆయన మోసగాడు కాదు, ఆ విద్యను ప్రాణంగా నమ్మిన మనిషి. "ఏదేమైనా పట్టు పడింది కదా. అది అబద్ధం కాదు కదా."

"పడింది మాస్టారూ. ఆయన నన్ను కొట్టడానికి రాలేదు కాబట్టి పడింది. కొట్టేవాడి చెయ్యి ఒక్కసారి కూడా నాకు దొరకలేదు."

క్యాషియరు తన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. నేను మెట్లు దిగి వచ్చేశాను.

హెడ్మాస్టరు బావ ఇంటికి స్వయంగా వెళ్లి క్షమించమన్నాడట. కానీ అప్పటికే అచ్చు అక్షరాలు తెప్పించి గోడకు బిగించేశారు. ఊళ్లో బావ పేరు బాగుపడింది. నా సంగతి అడగనక్కర్లేదు. నేను డబ్బా ఇస్తుంటే, "షావుకారుగారూ, కళ్లజోడు పెట్టుకునే ఇస్తున్నారా?" అంటారు పెయింటర్లు. వాళ్లను ఏమీ అనలేను.

కట్టు విప్పాక బొటనవేలు పూర్తిగా వంగడంలేదని విన్నాను. చెల్లెలు మా గడప తొక్కలేదు. ఒకరోజు బావ ఒక్కడే వచ్చాడు. ఎప్పుడూ తిన్నగా లోపలికొచ్చి అరల్లోంచి కావలసింది తనే తీసుకుని, పనిలో పనిగా నా టీ కూడా తాగేసేవాడు. ఆవేళ కౌంటరుకు అవతలే ఆగాడు.

"ఎర్ర ఎనామిల్ ఒక లీటరు ఇవ్వండి," అన్నాడు.

"లోపలికి రా బావా."

"పర్లేదండీ. పనుంది."

కోపంగా అనలేదు. కొత్త కొట్టులో కొత్త మనిషితో మాట్లాడినట్టు మర్యాదగా అన్నాడు. డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టాను. ఎడమ చేత్తో నోటు పెట్టి డబ్బా తీసుకుని, నేను చిల్లర వెతికేలోపే గుమ్మం దిగి వెళ్లిపోయాడు.