ఇరవై నాలుగు సెకన్లు

పొద్దున్నుంచి ఆమె చూస్తున్నది మూడో శవం. ఆఫీసులో అందరూ ఆ మాటే వాడేవారు, ఆమె కూడా కాదనేది కాదు. సర్వర్ ఏదైనా ఉన్నట్టుండి కుప్పకూలితే, ప్రాణం పోయే ముందు తన మెమరీలో ఉన్నదంతా ఒక ఫైల్లోకి కక్కి పోతుంది. ఆ ఫైలు తెరిచి, ఆఖరి క్షణంలో ఏ పని జరుగుతోంది, ఎవరు ఎవరిని పిలిచారు, ఎక్కడ ఆగిపోయింది అని వరస కట్టి చెప్పడం ఆమె ఉద్యోగం. ఇరవై మూడేళ్లుగా అదే పని. అందుకే వెనకాల శవాల డాక్టరనేవాళ్లు. ఆ పేరు పెట్టినవాళ్లంతా వేరే ఉద్యోగాలు చూసుకుని వెళ్లిపోయారు. పేరు మాత్రం ఆమెని వదల్లేదు.

ఆమెకి యాభై ఒకటి నడుస్తోంది. కుడి మణికట్టుకి పట్టీ. కళ్లద్దాలు రెండు జతలు, ఒకటి తెరకి, ఒకటి మనుషులకి. మనుషుల జత ఎక్కువగా పెట్టెలోనే ఉండేది. ఇంట్లో తనూ, మోకాళ్ల నొప్పుల అక్కా. ఈమెకి నలభయ్యో ఏడు వచ్చే దాకా పెళ్లి మాటెత్తిన అక్క, ఆ తర్వాత అలిసిపోయి, సాయంత్రం తలుపు తీస్తూ "ఇవాళ ఎన్ని పోయాయే?" అని మాత్రం అడిగేది. ఈమె ఒక అంకె చెప్పేది. అక్కాచెల్లెళ్ల మాటలు చాలామట్టుకు అంతటితో సరి.

ఆ పడేవి విడివిడి యంత్రాలు కూడా కావు. కింది హాల్లో ఒక పెద్ద సర్వర్, దాని కడుపులో నలభై వర్చువల్ యంత్రాలు, పేరుకే యంత్రాలు. ఒక్కొక్కటీ ఇల్లంతా తనదేననుకుని బతుకుతుంది. పక్కన ఇంకొకటి ఉందని గాని, తనని ఎవరో ఆపగలరని గాని దానికి తెలియదు.

రెండు నెలల కిందట ఇవే వరసగా నలభై ఒక్కసార్లు పడ్డాయి. వీటి మీద నడిచే టిక్కెట్ల కౌంటర్ల ముందు జనం బారులు తీరారు, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆమె నలభై ఒక్క ఫైళ్లూ చదివింది. అన్నిట్లోనూ చచ్చే క్షణంలో నడుస్తున్నది ఒకటే, డిస్కు మీద రాతలు చూసుకునే డ్రైవర్ అనే ప్రోగ్రాము. దాన్ని రాసినాయన అదే అంతస్తులో కిటికీ పక్కన కూర్చునేవారు. ఏ పనైనా రెండుసార్లు సరిచూస్తే గాని వదలరు గనక అందరూ ఆయన్ని చాదస్తం గారనేవారు. రిటైరవడానికి పదకొండు నెలలుంది.

ఆమె రిపోర్టు ఒకటిన్నర పేజీ. అందులో ఆయన పేరు రాయలేదు, డ్రైవర్ పేరే రాసింది. దాన్ని రాసింది ఆయనొక్కరేనని ఆఫీసులో తెలియనిదెవరికి?

ఆ సాయంత్రం ఆయన ఆమె బల్ల దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, ఒక్కసారి యంత్రాల గడియారం వైపు కూడా చూస్తారా? నాకెందుకో అక్కడ అనుమానంగా ఉంది."

ఆమె తెర మీంచి కళ్లు తిప్పలేదు. "నా పని నాకు నేర్పకండి" అంది. పక్క బల్లలవాళ్లు నవ్వారు. ఆయన కూడా కాస్త నవ్వినట్టే చేసి వెళ్లిపోయారు. వారం తిరక్కుండా ఆయన్ని ఇంటికి పంపేశారు. ఆమె భోజనానికి కిందికి వెళ్లి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. అక్కడ వెలుతురు బాగుంటుందని, మర్నాడే తన బల్ల కిటికీ పక్కకి మార్పించుకుంది.

ఆయన రాసిన డ్రైవర్ పీకేసి కొత్తది పెట్టారు. అయిదు వారాల పాటు ఒక్క యంత్రమూ పడలేదు. చూశారా, ఆవిడ చెయ్యి పడితే అంతే అన్నారు ఆఫీసులో. సోమవారం నుంచి మళ్లీ మొదలైంది.

మూడో ఫైలు మూసి, ఆమె అద్దాలు తుడుచుకుంది. ఇందులోనూ ఆఖరి క్షణంలో ఉన్నది డిస్కు డ్రైవరే. కానీ ఇది కొత్త డ్రైవర్. వేరే మనిషి, వేరే చోట రాసింది. పాత దానితో ఒక్క వాక్యం కూడా కలవదు.

ఆమె లేచి కింది హాలుకి వెళ్లింది. ఏసీ చలికి ఎండాకాలంలో కూడా ఉన్ని కోటు విప్పని ఆపరేటర్ ఒకాయన అక్కడ ఉంటాడు. పెద్ద సర్వర్ లాగ్, అదే దాని రోజువారీ చిట్టా, కావాలని అడిగింది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు మేడమ్ అంటూ, అడిగినదానికి అదనంగా మూడు నెలలది ఇచ్చాడు. నిజమే, ఆమె అడగలేదు. లోపలి శవాలు చదవడమే ఆమెకి అలవాటు. ఆ శవాలున్న ఇంటివైపు ఎన్నడూ చూడలేదు.

భోజనం డబ్బా విప్పకుండానే వేళలు పక్కపక్కన పెట్టి చూసింది. రోజుకి రెండుసార్లు బ్యాకప్ తీసేటప్పుడు, పెద్ద సర్వర్ లోపలి యంత్రాలని ఒక్కొక్కటిగా నిద్రపుచ్చుతుంది. మామూలుగా ఒక సెకను. పని ఒత్తిడి ఎక్కువైన రోజున ఇరవై నాలుగు. నిద్రపోయిన యంత్రానికి తను నిద్రపోయానని తెలియదు. లేచి గడియారం చూసుకుంటుంది. ఇరవై నాలుగు సెకన్లుగా తనలో ఏ పనీ జరగలేదు. దాని కెర్నెల్లో, అంటే గుండెకాయలాంటి ప్రోగ్రాములో, ఒక కాపలా ముక్క ఉంది. ఇరవై సెకన్లు దాటి ఉలుకూ పలుకూ లేకపోతే, ఏదో బిగుసుకుపోయిందని తేల్చి, యంత్రాన్ని తనే పడేస్తుంది. నిద్రపుచ్చే ముందు పెద్ద సర్వర్ డిస్కు మీద రాతలు ముగించమంటుంది గనక, ఆ క్షణంలో చేతిలో పని ఉన్నది ఎప్పుడూ డిస్కు డ్రైవరే. శవం పక్కన నిలబడి దొరికిపోయినవాడన్నమాట. ఆ అయిదు వారాలూ ఏదీ పడకపోవడానికి కారణం కూడా లాగ్‌లోనే ఉంది. కొత్త డ్రైవర్ కుదురుకునే దాకా బ్యాకప్ ఆపేశారు.

అయినా నమ్మకం చాలక, అసలు డిస్కే లేని ఒక చిన్న వర్చువల్ యంత్రాన్ని తయారుచేసింది. బయటినుంచి ఇరవై నాలుగు సెకన్లు ఆపి వదిలింది. అది లేచింది, గడియారం చూసుకుంది, చచ్చింది.

మళ్లీ చేసింది. మళ్లీ చచ్చింది.

మేనేజర్ ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. అప్పట్లో నువ్వనేది. ఇప్పుడు తలుపులు వేసి ఉన్నా మీరే అంటుంది. ఆమె గదికి వచ్చి చెప్పిందంతా అతను మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. బ్యాకప్ పద్ధతి ఏరికోరి తెచ్చింది అతనేనని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాటెత్తలేదు. బాగా పట్టుకున్నారని మెచ్చుకున్నాడు. బ్యాకప్ వేళలు మార్పిద్దామనీ, కాపలా గడువు అరవై సెకన్లు చేయిద్దామనీ, ఇక పడవనీ అన్నాడు.

"మరి పాత రిపోర్టు తప్పని రాయాలి కదా" అంది ఆమె.

"ఇప్పుడు రాసి ఎవరికి చెబుతారు మేడమ్?"

"ఆయనకి."

అతను తన గోళ్లు చూసుకున్నాడు. తర్వాత మెత్తగా, మీరు రాసింది మీరే కాదంటే, ఈ ఇరవై మూడేళ్లలో మీరు రాసినవన్నీ మళ్లీ తెరవమంటారు పైవాళ్లు, మీ ఇష్టం అన్నాడు. కాగితం అక్కడికక్కడే టైపు చేయించాడు. పాత లోపం పాత లోపంగానే ఉందనీ, ఇప్పుడు చేసినవి అదనపు జాగ్రత్తలనీ అందులో ఉంది. ఆమె రెండోసారి చదవలేదు. నాలుగు గంటలకి సంతకం పెట్టింది.

నోటితోనైనా చెబుదామనుకుంది. కాగితం ఎలా ఉంటేనేం, మీరన్న గడియారమేనండీ అని ఎదురుగా కూర్చుని చెబితే ఆ పెద్దమనిషి సంతోషిస్తాడు. ఫోను చేస్తే పలకలేదు. పాత జాబితాలో చిరునామా వెతికి, అయిదున్నరకి బస్సెక్కింది. దారి పొడుగునా ఏ మాటతో మొదలుపెట్టాలో చూసుకుంటూనే ఉంది. చివరికి ఒక వాక్యం బాగుందనిపించి, దాన్నే మనసులో అనుకుంటూ మూడో అంతస్తుకి మెట్లెక్కింది.

తలుపు తీసింది ఆయన భార్య. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, ఆఫీసు నుంచి వచ్చానంటే లోపలికి రమ్మంది.

"మీ సారు మొన్ననే వచ్చి వెళ్లారు కదమ్మా. పూలు కూడా తెచ్చారు."

"ఎందుకండీ?"

ఆవిడ ఈమె ముఖంలోకి చూసి, తెలియదా అన్నట్టు ఆగింది.

"ఆయన పోయి పద్దెనిమిది రోజులైంది. మధ్యాహ్నం మంచినీళ్లకని లేచారు. వంటింటి గుమ్మం దాటలేదు."

ఎవరికి చెబుతారు మేడమ్ అని మేనేజర్ అడిగింది అందుకన్నమాట. అతనికి తెలుసు. తెలిసే గోళ్లు చూసుకున్నాడు. ఆమె కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది. బస్సులో కూర్చుకున్న వాక్యం ఇంకా నోట్లోనే ఉంది.

"ఆ రిపోర్టు రాసింది మీరేనా?" అని అడిగింది ఆవిడ. గొంతులో కోపం లేదు.

ఆమె తల ఊపింది.

"మీ మాట చెబుతుండేవారు. మొదట్లో తప్పు నాది కాదనే అన్నారు. తర్వాత్తర్వాత, ఆవిడ రాసిందంటే ఉండే ఉంటుంది, నాకే కనిపించడం లేదు అనేవారు. పొద్దస్తమానం అదే వెతుక్కున్నారు."

"ఆయన తప్పేం లేదండీ. ఇవాళే తేలింది. ఆయన అనుమానపడ్డదే నిజం."

ఆవిడ కూర్చోలేదు, ఏడవలేదు. ద్వారబంధం మీద చెయ్యి వేసి, ఆ మాటని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది.

"ఆ ముక్క ఒక కాగితం మీద రాసిస్తారా అమ్మా? చేసిన తప్పుకి ఉద్యోగం పోగొట్టుకున్నాడనే అనుకుంటున్నారు మావాళ్లంతా. చూపించుకుంటాను."

నాలుగు గంటలకి పెట్టిన సంతకం ఆమెకి కళ్లముందు కనిపించింది. తిన్నగా, కింద గీతతో సహా.

"రేపు రాసి పంపిస్తానండీ."

పెన్ను బ్యాగు జేబులోంచి పైకి కనిపిస్తూనే ఉంది. ఆవిడ దానివైపు ఒకసారి చూసి, "సరేనమ్మా" అంది.

వెళ్తూ వెళ్తూ ఆమె ముందుగది బల్ల దగ్గర ఆగింది. తీయబుద్ధి కాలేదమ్మా, అలాగే ఉంచేశాను అంది ఆవిడ వెనక నుంచి. బల్ల మీద ప్రింటు తీసిన కాగితాల దొంతర, ఆయన డ్రైవర్ మొదటి వరస నుంచి చివరి దాకా. ప్రతి వరస పక్కనా రెండు టిక్కులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. పైన తెరిచి ఉన్నది ముప్ఫై ఏడో పేజీ. దాని సగంలో ఒక వరస పక్కన నీలం టిక్కు ఉంది, ఎరుపు లేదు. ఆ వరస మీదే, ఎరుపు వైపు కొత్తగా చెక్కిన రెండు రంగుల పెన్సిలు అడ్డంగా పడి ఉంది.