తూనీగ కాల్‌సైన్

భర్త తెల్లచొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతుండగా ఆ మాట ఆమె చెవిన పడింది. అతను అద్దం ముందు మీసం దువ్వుకుంటున్నాడు.

"ఒకటో తారీఖు నుంచి మన విమానాల కాల్‌సైన్ సింహం. ఇవాళ కంపెనీ పార్టీలో చెప్పేస్తున్నా. తూనీగ ఏంటి, జనం నవ్వుతున్నారు."

కాల్‌సైన్ అంటే రేడియోలో విమానాన్ని పిలిచే పేరు. పదకొండేళ్ల కిందట, ఒకే ఒక్క పాత సరుకు విమానంతో కంపెనీ మొదలైనప్పుడు, దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉంటే ఆమే నింపింది. చిన్నప్పుడు నాన్న ఆమెను తూనీగా అని పిలిచేవాడు. కంపెనీలో ఆమెది అంటూ ఉన్నది ఆ ఒక్క పేరే. అలాగని పని లేదనుకునేరు! ఏ దేశం మీదుగా ఎగరాలన్నా, ఎక్కడ దిగి సరుకు దించాలన్నా ఆ దేశం అనుమతి కావాలి. ఆ ఉత్తరాలన్నీ వంటింటి బల్ల మీద, ఒక కన్ను పొయ్యి మీద వేసి, ఆమే రాసింది. ఏ ఆఫీసుకు ఏ రోజు సెలవో, ఏ గుమాస్తాకు రెండోసారి గుర్తు చేస్తే ఒళ్లు మండుతుందో ఆమెకు కంఠోపాఠం. కుర్చీ లేదు, హోదా లేదు. ఒకసారి జీతం మాట ఎత్తితే, ఇంటి కోడలికి జీతమేంటమ్మా విడ్డూరం కాకపోతే, అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది.

"ఏమండీ, పాత పేరు మీద ఇచ్చిన అనుమతి కొత్త పేరుకు చెల్లదు. తొమ్మిది దేశాలకూ మళ్లీ రాయాలి" అంది ఆమె.

"నువ్వు టైపు కొట్టే కాగితాలేగా. కొట్టు."

చొక్కా తొడుక్కున్నాడు. పార్టీకి నువ్వెందుకు, ఇక్కడ ఫోన్లు ఎవరు చూస్తారు అని వెళ్లిపోయాడు. ఆమెకు ఏడుపు రాలేదు. ఇస్త్రీపెట్టె తీగ పీకేసి టైపు మిషను ముందు కూర్చుంది.

మర్నాడు ఆఫీసుకెళ్లి అతని ముందు ఒక కాగితం పెట్టింది. తొమ్మిది దేశాల పేర్లు, ఒక్కోదానికి పట్టే రోజులు, కింద రెండు ముక్కలు: ఈ పని నేను మానేస్తున్నాను, ఎవరికి అప్పజెప్పాలో మీరే చూసుకోండి. ఆమె తెచ్చే కాగితాలన్నిటికీ పెట్టినట్టే దానికీ చదవకుండా సంతకం పెట్టాడు. ఆ కాగితం సంచీలో పెట్టుకుని ఆమె నేరుగా పక్కనున్న విమానాల షెడ్డుకు వెళ్లింది. అక్కడ ఇంకో సరుకు విమానాల కంపెనీ నడిపే పెద్దావిడ, మా దగ్గరికి రామ్మా అని మూడుసార్లు అడిగి ఉంది. గది, జీతం, తలుపు మీద హోదా అన్నీ ఇస్తానంది. ఆమె ఇంకొక్కటే అడిగింది, ఒకటో తారీఖున మా వాళ్లు వదిలేస్తున్న కాల్‌సైన్ మీరు తీసుకోవాలని. పెద్దావిడ సరేనంది.

మూడు వారాలు వంటింటి బల్ల మీద టైపు మిషను టకటకలాడుతూనే ఉంది. పని జరుగుతోందిగా, ఊరికే గోల పెట్టావు అని భర్త నవ్వాడు. ఎవరి పనో అడగాలని అతనికి తోచలేదు. ఆమె చెప్పలేదు.

ఒకటో తారీఖున సింహం పువ్వుల పెట్టెలతో లేచింది. సరిహద్దు దగ్గర అవతలి దేశం రేడియోవాడు, ఈ పేరుకు అనుమతి లేదు, వెనక్కి తిరగండి అని మర్యాదగా చెప్పాడు. మధ్యాహ్నానికి భర్త, ఇంట్లో ఆమె కనపడక ఆరా తీసి, చెమటలు కక్కుతూ పక్క షెడ్డులో ఆ ఉదయమే ఆమె చేరిన గదిలోకి వచ్చిపడ్డాడు. నాకెందుకు చెప్పలేదని కేకలేశాడు. ఆమె సంచీలోంచి కాగితం తీసి ముందు పెట్టింది. కింద తన సంతకం చూసుకుంటూ అతను దాన్ని మొదటిసారి చదివాడు. వాడిపోయే పువ్వులను తలుచుకుని ఆమెకు జాలేసింది. అతన్ని చూస్తే వెయ్యలేదు.

"ఎన్నాళ్లు పడుతుంది?" గొంతు తగ్గించి అడిగాడు.

"నేను రాస్తే మూడు వారాలు."

"రాయి మరి."

"టైపు కొట్టే కాగితాలేగా. కొట్టుకోండి."

బల్ల మీద రేడియో గరగరలాడింది. అదే సరిహద్దు, అదే మర్యాదైన గొంతు. తూనీగ ఒకటి, మీకు అనుమతి ఉంది, దాటండి.

అతను తెల్లబోయాడు. "అది మన పేరు."

"కాదు, నా పేరు" అని ఆమె రేడియో శబ్దం కాస్త పెంచింది.