రెక్క మూసిన శనివారం

"ఆనించావా?" అన్నాడు డెల్మర్.

"ఆనించా. కొట్టు."

అతని భార్య ఆర్లీన్ విమానం రెక్క రేకు కింద మోచేతి దాకా చెయ్యి దూర్చి, రేకును బిగించే రివెట్టు తోకకు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంది. పైనుంచి డెల్మర్ గాలి సుత్తితో కొట్టాడు. గ్యారేజీ దడదడలాడింది. ఆమె వేలికొసతో తడిమి చూసి బాగుందంది. ఇంకా డెబ్భై ఉన్నాయి.

డెల్మర్ హూక్‌స్ట్రా అమెరికాలోని అయోవాలో పాల ట్యాంకరు నడుపుతాడు. పొట్టి మనిషి, మెడ ఉందా లేదా అనిపిస్తుంది. ఎప్పుడూ కళ్లజోడుతోనే ఉంటాడు, దగ్గరి పనికి మాత్రం తీసి జేబులో పెట్టుకుంటాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చిన రెండు సీట్ల విమానాన్ని బిగించుకుంటాడు. దాని పుణ్యమా అని కారు తొమ్మిది చలికాలాలుగా బయట మంచులోనే ఉంటోంది. ఊరు నవ్వీ నవ్వీ మానేసింది.

సోమవారం అతనికి గుండె ఆపరేషను. తర్వాత మూడు నెలలు సుత్తి పట్టకూడదన్నారు. ఎడమ రెక్క తెరిచిపెట్టి ఆసుపత్రికి వెళ్లడానికి మనసొప్పలేదు. నిజానికి అతనికి భయంగా ఉంది. ఎలాగైనా ఇవాళ మూసెయ్యాలి.

"గుండె సంగతి రెండు వారాలు దాచావు. ఈ రేకు కోసం మాత్రం ఆరింటికే లేపావు," అంది ఆర్లీన్.

"గుండెను వాళ్లు చూసుకుంటారు. దీన్ని మనమే చూసుకోవాలి."

"పక్క పొలం గార్త్ చూడడా? వాడూ విమానం కట్టుకున్నవాడేగా."

"వాడి చెయ్యి వాడి పందుల తొడంత ఉంటుంది. లోపలికెక్కడ పడుతుంది?"

భోజనానికి కూర్చోలేదు. రొట్టె, పంది మాంసం నిలబడే తిన్నారు. మూడింటికి చివరి రివెట్టు పడింది. డెల్మర్ రెక్క పొడుగునా అరచేత్తో నిమిరాడు.

"ఇంక నా చెయ్యి నాకిచ్చెయ్," అంది ఆర్లీన్. అతను నవ్వి, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్లాడు.

నాలుగింటికి కాఫీ తెచ్చింది. అతను బూట్లతోనే సోఫా మీద పడుకుని ఉన్నాడు. తిట్టబోయి ఆగింది. అతని చేతి వెంట్రుకల్లో అల్యూమినియం పొడి అలాగే ఉంది. ఒళ్లు మాత్రం చల్లబడింది.

శవపేటికలో కళ్లజోడు లేకుండా ఎవరో పరాయివాడిలా కనిపించాడు. "అది పెట్టుకోకపోతే నాన్నలా లేడమ్మా," అని కూతురు కార్లా ఏడ్చింది. ఇల్లంతా, ట్యాంకరంతా వెతికారు. దొరకలేదు. అలాగే పాతిపెట్టారు. ఆర్లీన్‌కు చలికాలమంతా అదే బాధ.

ఏప్రిల్‌లో గార్త్ మరో ముగ్గుర్ని వెంటబెట్టుకుని, రెక్కను విమానాల మైదానానికి తీసుకెళ్లడానికి వచ్చాడు. ఎత్తి పక్కకు వంచగానే లోపల ఏదో గరగరమని జారింది. నలుగురూ ఆగిపోయారు. గార్త్ రెక్క చివరనున్న, చెయ్యి పట్టని చిన్న రంధ్రంలోంచి టార్చి వేసి చూశాడు.

"జేబులోంచి జారి ఉంటుంది, ఆర్లీన్. వదిలేస్తే ఎగిరేటప్పుడు ఎక్కడైనా ఇరుక్కుంటుంది. తియ్యాలంటే ఓ ముప్పై రివెట్లు తొలిచెయ్యాలి. కానీ డెల్మర్ తన చేత్తో మూసిన రెక్క..."

ఆర్లీన్ స్వెట్టర్ చెయ్యి పైకి మడిచింది.

"తొలువు. మళ్లీ కొడదాం. దిమ్మ నేనే పడతా."

రేకు లేచింది. రెక్క మూలలో డెల్మర్ కళ్లజోడు ఒక కాడ మడిచి, ఒక కాడ తెరిచి, అద్దాల మీద సన్నటి లోహపు పొడితో ఉంది.