మక్కలు పేలిన పూట

ఆటో దిగి బాలలక్ష్మి సంచి భుజం మార్చుకుంది. అందులో టిఫిన్ డబ్బాతో పాటు కడాయి, మూటెడు మక్కజొన్న గింజలు, ఇసుక, చిన్న గ్యాస్ స్టవ్వు ఉన్నాయి. లింగంపేట నుంచి ఎల్లారెడ్డి దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. సన్నటి మనిషి, యాభై దాటాయి. ఒకప్పుడు బీడీలు చుట్టిన వేళ్ళకు ఇప్పుడు సుద్దపొడి అంటుకుని ఉంటుంది. ఆ బీడీల మీదే ప్రైవేటుగా బీఏ చదివి, ఇక్కడి ఒక చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి ఇంగ్లీషు చెబుతూ సగం జీవితం గడిపేసింది. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకుంటారు. అది వాళ్ళ పొరపాటు.

ఆ బడిలో తెలుగు మాట్లాడితే ఎండలో నిలబెడతారు. ఆమె తరగతిలోని ప్రియాంకది తండా. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. రెండూ వద్దనేసరికి ఆ పిల్ల బడిలో చేరిన నాటి నుంచి నోరే తెరవలేదు. ఇవాళ ఒక్క ఇంగ్లీషు మాటైనా అనకపోతే టీసీ ఇచ్చేస్తానని కరస్పాండెంట్ నరేందర్ ఆమె తండ్రి ప్రేమ్‌సింగ్‌కు కబురు పెట్టాడు. నరేందర్ అన్నంత పనీ చేస్తాడు.

తరగతిలో పిల్లల్ని గోడ వారగా కూర్చోబెట్టి బాలలక్ష్మి స్టవ్వు వెలిగించింది. కాగిన ఇసుకలో మక్కలు పోసి, చీరకొంగుతో కడాయి పట్టుకుని కలియబెట్టింది. మొదటి గింజ పేలింది.

"ఏమన్నదిరా?"

"టప్పు," అన్నారు కొందరు. "ఫట్టు," అన్నారు ఇంకొందరు.

"ఇంగ్లీషోళ్ళ ముసలవ్వలకు పాప్ అని ఇనవడ్డది. గంతే. తేనెటీగ చప్పుడు ఇని బజ్ అన్నరు, పాము బుస ఇని హిస్ అన్నరు. ఇంగ్లీషు ఆకాశంలకెంచి ఊడిపడలేదు బిడ్డా. మన లెక్కనే చెవులు పెట్టి ఇన్నరు."

ఎగిరిన ప్యాలం ఒకటి వచ్చి ప్రియాంక ఒళ్ళో పడింది. పిల్ల దాన్ని చూసి కిసుక్కున నవ్వింది.

"పాప్," అంది.

బాలలక్ష్మికి కళ్ళు చెమర్చాయి. తల ఎత్తేసరికి గుమ్మంలో నరేందర్, వెనక తువ్వాలు చంకలో పెట్టుకుని ప్రేమ్‌సింగ్.

"ఇది క్లాసా మేడం, ప్యాలాల బట్టీయా?"

"పిల్ల ఇంగ్లీషు మాట్లాడింది సార్. మీరే ఇన్నరు."

"అదేం మాట? చప్పుడు."

"చప్పుడే. మాట దాన్లకెంచే పుట్టింది. సినిమాహాల్ల పాప్‌కార్న్ అని అడిగితే గది ఇంగ్లీషే కద సార్."

"మా పోరి నవ్వంగ సూసి శానా దినాలాయె," అన్నాడు ప్రేమ్‌సింగ్ నెమ్మదిగా.

నరేందర్ మొహం గంటుపెట్టుకున్నాడు. పిల్ల తండ్రి ఎదుట మాట తప్పడం కుదరదు.

"సరే, పిల్ల ఉంటది. క్లాసుల మంట పెట్టినోళ్ళు ఉండరు. రేపటి నుంచి రాకుండ్రి."

బాలలక్ష్మి ఎన్నేళ్ళుగానో భయపడిన మాట అది. తీరా వచ్చాక, ఇంతేనా అనిపించింది.

"మంట పెట్టింది నేనే," అంది బాలలక్ష్మి. "ఆ పోరి కోసం మళ్ళ పెట్టుమన్నా పెడుత."

స్టవ్వు ఆర్పి, ప్యాలాలు పిల్లల దోసిళ్ళలో పోసింది. ప్రియాంకకు రెండుసార్లు పోసింది. మెడలోని ఐడీ కార్డు తీసి తలుపు గొళ్ళేనికి తగిలించి, లింగంపేట ఆటోల వైపు నడిచి వెళ్ళిపోయింది.

నోటి మీద వేలు వేసుకోమని నరేందర్ పిల్లలకు చెప్పాడు. తరగతి గప్‌చుప్ అయింది. గాలికి ఊగుతున్న ఆ కార్డు మాత్రం బడి విడిచేదాకా రేకు తలుపును టకటకా కొడుతూనే ఉంది.