మోజెస్ గారి సున్నా

"ఇవాళ నొప్పి ఎంతండీ? సున్నా నుంచి పదిలోపు ఒక అంకె చెప్పండి."

పొద్దుటి నుంచి ఇది తొమ్మిదో ఫోను. పదకొండేళ్ళుగా ఆమోసు ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్నే. ఒకప్పుడు తణుకులో పిల్లలకి జీవశాస్త్రం చెప్పిన మనిషి. నర్సుగా వీసా వచ్చిన భార్య వెనకాల అమెరికాలో క్యారీ అనే ఊరు చేరి, మెదడులో నొప్పి ఎక్కడ దాక్కుంటుందో వెతికే ఈ ల్యాబులో మూల బల్ల దగ్గర కుదురుకున్నాడు. పొట్టి మనిషి, నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. ప్రమోషన్ అడగడం ఆయనకి చేతకాదు, అడగందే ఇచ్చే పుణ్యాత్ములెవరూ అక్కడ లేరు.

ఏళ్ళ తరబడి నడుంనొప్పికి ఓపియాయిడ్ అనే నల్లమందు జాతి మాత్రలు మింగుతున్నవాళ్ళకి డోసు మెల్లగా తగ్గిస్తూ, మెదడు ఎలా మారుతోందో స్కాన్‌లో చూస్తారక్కడ. ఎంత తగ్గించాలన్నది వాళ్ళు చెప్పే అంకెను బట్టే.

పదో నంబరు మోజెస్ గారిది. తెలుగాయన కాబట్టి ఆమోసు వాటాకి వచ్చారు. రెండుసార్లు ఫోను పక్కన పెట్టి, మూడోసారికి నొక్కాడు.

"ప్రైజ్ ద లార్డ్ ఆమోసూ! జీరో రాసుకో."

మూడు నెలలుగా ఇదే వరస! మోజెస్ గారు ఆమోసు వెళ్ళే తెలుగు చర్చిలోనే పెద్ద. ఈస్టర్ ఆరాధనలో మైకు పట్టుకుని, "ప్రభువు నా నడుము ముట్టాడు, నొప్పి పోయింది" అని సాక్ష్యం చెప్పారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆమోసే. ఆ రోజు నిజంగానే పోయిందేమో. తిరిగొచ్చిందని చెప్పడానికి మాత్రం మైకు ఎవరిస్తారు?

కిందటి ఆదివారం ప్రార్థనకి లేస్తూ ఆయన ముందు కుర్చీ పట్టుకుని పెదవి కొరుక్కోవడం ఆమోసు చూశాడు. చూసి, పాటల పుస్తకంలోకి తల దించేశాడు.

"మోజెస్ గారూ, మనలో మాట. నిజంగా ఎంతండీ?"

"సాక్ష్యం చెప్పిన నోటితో ఇంకో మాట ఎలా అంటానయ్యా? జీరో అన్నానుగా!"

"అప్పట్లో నడుం ఆపరేషన్ టైమ్‌లో ఇచ్చిన టాబ్లెట్స్ ఇంట్లో ఉంటే రిటర్న్ చేసేయండి. అలవాటు తగ్గిన ఒంట్లో పాత డోసు పడితే ఊపిరి ఆగిపోతుంది."

"నాకెందుకవి?" అని గొంతు తగ్గించారు. "చర్చిలో మాత్రం ఈ ముచ్చట ఎత్తకు బాబూ."

నొప్పి లేనివాడు ఎందుకు బతిమాలుకుంటాడు? ఆమోసు లేచి, డోసులు నిర్ణయించే డాక్టర్ చంద్రిక గది దాకా వెళ్ళాడు. చెప్తే అంత పెద్దాయన్ని అబద్ధాలకోరన్నట్టే. చెప్పకపోతే?

"మోజెస్ గారు ఎలా ఉన్నారు?" ఆవిడే అడిగింది.

"జీరో మేడమ్."

"గ్రేట్! అయితే ఈ వారం ఇంకాస్త తగ్గిద్దాం."

ఆమోసు సరేనని తలూపాడు. వెనక్కొచ్చి కంప్యూటర్లో మోజెస్ గారి పేరు పక్కన సున్నా కొట్టాడు. మధ్యాహ్నానికి తెచ్చుకున్న పులిహోర డబ్బా మూత తీయలేదు. మూడింటిదాకా ఆ సున్నా వంకే చూస్తూ కూర్చున్నాడు. ఇక ఉండబట్టలేదు. పరువూ లేదు, గిరువూ లేదు, మనిషి ముఖ్యం, చెప్పేద్దామని లేచాడు. అప్పుడే ఫోను మోగింది. మోజెస్ గారి భార్య ప్రిస్సిల్లమ్మ.

"బ్రదర్, కునుకు తీస్తానని పడుకున్నారు. టీకి లేపితే లేవలేదు. అంబులెన్స్ వాళ్ళొచ్చి చూసి... ఆయన వెళ్ళిపోయారన్నారు బ్రదర్."

ఆమోసు చేరేసరికి సగం చర్చి ఆ ఇంట్లోనే ఉంది. దిండు పక్కన దొరికిన, ఆపరేషన్ నాటి పాత మాత్రల సీసాని పోలీసులు పట్టుకెళ్ళారట. "స్వస్థత పొందిన మనిషి, నిద్రలోనే వెళ్ళారు. ధన్యులు" అంటున్నారెవరో. ఆమోసుకి గట్టిగా అరవాలనిపించింది. పొద్దున జీరో అన్న నోటితో ఇప్పుడేమని అరుస్తాడు?

ప్రిస్సిల్లమ్మ కారు తాళం ఆమోసు చేతిలో పెట్టింది. "ఆయన బైబిల్ కార్ ట్రంక్‌లో ఉంటుంది, కొంచెం తెచ్చిపెట్టండి."

ట్రంక్ తీశాడు. బైబిలు కింద, పాత దుప్పట్లో చుట్టి, చేతికర్ర. చర్చిలో ఏనాడూ ఎవరూ చూడని కర్ర. పిడి చెమటకి నల్లబడింది. అడుగున రబ్బరు తొడుగు ఒకపక్క పూర్తిగా అరిగిపోయి, లోపలి చెక్క కనిపిస్తోంది.